గుట్ట ఒకరిది, కాపలా ఇంకొకరిది

రాతికి రంధ్రం చేసి, అందులో చూపుడు వేలంత ఉక్కు ముక్క ఒకటి బిగిస్తారు. దాని తలకు చిన్న రేకు, ఆ రేకుకు ఒక కన్నం, ఆ కన్నానికి కొక్కెం తగిలించి అందులోంచి తాడు పోనిచ్చి మనిషి పైకి ఎక్కుతాడు. చెయ్యి జారితే ప్రాణం ఆ ముక్క మీదే ఉంటుంది. దాన్నే బోల్టు అంటారు. రాళ్లెక్కడం నేర్చుకున్న కొత్తలో దాన్ని ఎవరు పెట్టారన్న ఆలోచనే నాకు రాలేదు. కరెంటు స్తంభం లాంటిదనుకున్నాను. ఏదో డిపార్ట్‌మెంటు వాళ్లు పెట్టి ఉంటారు, ఒక నంబరు ఉంటుంది, పాడైతే ఫోన్ చేస్తే లైన్‌మన్ వస్తాడు, అలా.

ఈ స్తంభానికి లైన్‌మన్ లేడు. చాలా చోట్ల జరిగేది ఇంతే: ఆ దారిలో మొదట ఎక్కినవాళ్లు సొంత డబ్బుతో బోల్టులు కొని, సొంత డ్రిల్లుతో బిగించి, దారికి ఒక పేరు పెట్టి ఇంటికి వెళ్లిపోతారు. తర్వాత ఇరవై ముప్పై ఏళ్లు వేల మంది వాటిని నమ్ముకుని ఎక్కుతారు. ఆ రాతి గోడ ఇంకొకరి భూమిలో ఉంటుంది, ఆ భూమిగలాయనకు బోల్టు అంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు. అది తుప్పు పడితే మార్చాల్సింది ఎవరు? భూమి యజమాని కాదు, బోల్టు అమ్మిన కంపెనీ కాదు, పెట్టినవాళ్లకు ఇప్పుడు అరవై ఏళ్లు. చివరికి ఎవరో ఒకరు సెలవు రోజున, జీతం లేకుండా, తాడు మీద వేలాడుతూ ఆ పని చేస్తారు.

మా అమ్మకు ఈ సంగతి చెబితే, "కొండకు కూడా మెయింటెనెన్సా?" అని నవ్వింది. కొండకు అక్కర్లేదు. కొండ దగ్గరికి మనిషి వెళ్లడానికి కావాలి. అదొక పెద్ద చిక్కుముడి, అందులో బోల్టు ఒక చిన్న పోగు మాత్రమే. మిగతా పోగులు భూమి హక్కు, పక్క రైతు గేటు, గద్ద గూడు, ఎవరి దేవుడో, ఎవరికి దెబ్బ తగిలితే ఎవరి మీద కేసో, మలమూత్రాలు. ఇన్నిటినీ పట్టుకుని ఉండే వాలంటీర్ల పని బయటి నుంచి చూస్తే చెత్త ఏరడంలాగే కనిపిస్తుంది. నా దృష్టిలో అది కౌలు కట్టడం. నేల మనది కాదు, దాన్ని వాడుకుంటున్నాం, కౌలు డబ్బు రూపంలో కాకుండా ఒంటి కష్టంగా కడుతున్నాం. కౌలు ఆగిన రోజున గేటుకు తాళం పడుతుంది.

ముందు బోల్టు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరికీ తేలిగ్గా అర్థమయ్యేదీ, తీరా చూస్తే అంత తేలిక కానిదీ అదే.

ఇప్పుడు క్లైంబింగ్ బోల్టులకు ప్రమాణాలున్నాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 959 ప్రకారం, గోడ వెంట కిందికి లాగినప్పుడు బోల్టు కనీసం 25 కిలోన్యూటన్లు ఆగాలి, అంటే సుమారు రెండున్నర టన్నులు వేలాడదీసినా ఊడకూడదు. అమెరికాలో పాతకాలంలో చాలా చోట్ల వాడినవి పావు అంగుళం మందం బోల్టులు. అప్పట్లో చేత్తో సుత్తి పెట్టి కొట్టి రంధ్రం చేసేవారు కాబట్టి ఎంత సన్నగా ఉంటే అంత తొందరగా పని అయ్యేది. గట్టి గ్రానైట్‌లో ఒక కాలి బొటనవేలి మీద నిలబడి రంధ్రం తొలిచే మనిషిని ఇంకొంచెం లావు బోల్టు పెట్టవేంటని అడగలేం. కానీ వాటికి వయసైపోయింది. 1998లో క్రిస్ మెక్‌నమారా అనే, కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఎక్కే క్లైంబర్ అమెరికన్ సేఫ్ క్లైంబింగ్ అసోసియేషన్ అని ఒక సంస్థ పెట్టాడు. పని ఒక్కటే, పాతవి పీకి కొత్తవి వేయడం. సామాను వాళ్లు ఇస్తారు, చెమట వాలంటీర్లది. పాత బోల్టు పక్కన ఇంకో కన్నం పొడిచి వెళ్లిపోతే రాయి జల్లెడ అవుతుంది. కాబట్టి పాతదాన్ని జాగ్రత్తగా బయటికి లాగి, అదే రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, లావు స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తారు. ఒక్కోసారి ఒక్క బోల్టుకే గంటలు పడుతుంది.

స్టెయిన్‌లెస్ అన్నాం కదా, అక్కడితో అయిపోలేదు. థాయ్‌లాండ్‌లో రైలే, టోన్‌సాయ్ అని సముద్రం ఒడ్డున సున్నపురాయి గోడలున్నాయి, ప్రపంచమంతా అక్కడికి ఎక్కడానికి వెళ్తుంది. అక్కడ వేసిన మంచి స్టెయిన్‌లెస్ బోల్టులు కొన్నేళ్లకే పుటుక్కున విరగడం మొదలైంది. బయటికి తుప్పు పెద్దగా కనపడదు, మెరుస్తూనే ఉంటాయి. లోపల మాత్రం వెంట్రుకవాసి పగుళ్లు. ఉప్పుగాలి, వేడి, తేమ, సున్నపురాయి లోంచి ఊరే లవణాలు, బోల్టు బిగించినప్పుడు లోహం మీద పడే ఒత్తిడి, ఇవన్నీ కలిసి ఉక్కును లోపల్నుంచి చీల్చేస్తాయి. అక్కడి వాలంటీర్లు చివరికి టైటానియం బోల్టులను జిగురుతో రాతిలో అతికించే పద్ధతికి వచ్చారు. టైటానియం ఖరీదు ఎక్కువ. అది కొనడానికి చందాలు, అందులో ఎక్కువ భాగం అక్కడికి రెండు వారాల కోసం వచ్చి వెళ్లే టూరిస్టు క్లైంబర్ల నుంచే రావాలి. వాళ్లకు ఆ బోల్టు ఎవరు పెట్టారో తెలియదు, నాకు తెలియనట్టే.

అసలు బోల్టు పెట్టొచ్చా అన్నది ఇంకో గొడవ. అమెరికాలో 1964 నాటి అరణ్య చట్టం కింద కొన్ని అడవుల్లో మనిషి కట్టడాలు ఏవీ ఉండకూడదు. బోల్టు కట్టడమా, కాదా? 2023 చివర్లో అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ బోల్టుల్ని కట్టడాల కిందే లెక్కేస్తామని ముసాయిదా తెచ్చింది. అంటే ప్రాణం కాపాడే పాత బోల్టు మార్చాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. క్లైంబర్లు ఉత్తరాలు రాశారు, ప్రజాప్రతినిధుల ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2025 జనవరి 4న సంతకమైన ఎక్స్‌ప్లోర్ చట్టంలో, అలాంటి అడవుల్లో కూడా క్లైంబింగ్, దానికి కావాల్సిన యాంకర్లు, అంటే బోల్టుల్లాంటి ఆధారాలు, సమ్మతమేనని రాయించుకున్నారు. వాలంటీరు పని అంటే పార పలుగు మాత్రమే అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కొందరు వాలంటీర్లు చేసిందల్లా రెండేళ్లు ఈమెయిళ్లు రాయడమే, అదీ పనే.

భూమినే కొనేస్తే?

కెంటకీ రాష్ట్రం తూర్పున రెడ్ రివర్ గార్జ్ అని ఉంది. ఇసుకరాయి గోడలు, ముందుకు ఒరిగి, నిండా చెయ్యి పట్టే గుంటలతో. ఒహాయో, ఇండియానా వైపు ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లలో క్లైంబింగ్ జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లుంటే ఈ పేరు వినే ఉంటారు. శుక్రవారం రాత్రి కారెక్కి, మిగెల్స్ అనే పిజ్జా షాపు వెనక టెంటు వేసుకుని, ఆదివారం సాయంత్రం చేతులు వాచి తిరిగొస్తారు.

ఇక్కడ గోడలు కొన్ని డేనియల్ బూన్ జాతీయ అడవిలో ఉన్నాయి, కొన్ని ప్రైవేటు భూముల్లో. అడవి వైపు సమస్య పురావస్తువులు. ఆ గోడల కింద వాన పడని పొడి చూరులుంటాయి, రాతి గుడిసెల్లా. అక్కడ మూడు వేల ఏళ్ల కిందటి మనుషులు వాడిన విత్తనాలు ఇప్పటికీ మట్టిలో చెడకుండా దొరుకుతాయి. ఉత్తర అమెరికాలో మొక్కల్ని మచ్చిక చేసుకోవడం ఎలా మొదలైందో చెప్పే ఆధారాల్లో అవి ముఖ్యమైనవి. సరిగ్గా ఆ చూరు కిందే క్లైంబర్లు బ్యాగులు పడేసి, తాడు పట్టుకుని, కుక్కను కట్టేసి, మట్టిని తొక్కేస్తారు. చెడ్డవాళ్లు కాబట్టి కాదు, వానలో తడవని చోటు కాబట్టి. మూడు వేల ఏళ్ల కిందటి మనిషి అక్కడ కూర్చోడానికీ కారణం అదే మరి. 1990లలో అటవీ శాఖ గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టేసరికి స్థానిక క్లైంబర్లు రెడ్ రివర్ గార్జ్ క్లైంబర్స్ కోయలిషన్ అని సంఘం కట్టుకున్నారు.

ప్రైవేటు భూముల వైపు సమస్య ఇంకా సూటిది. యజమానికి విసుగొస్తే మూసేస్తాడు. 2004లో ఈ సంఘం అప్పు చేసి సుమారు 750 ఎకరాలు కొనేసింది. ఇప్పుడు దాని పేరు పెండర్‌గ్రాస్ మర్రే రిక్రియేషనల్ ప్రిజర్వ్. సంఘంలో ఉన్నవాళ్లంతా వారాంతం మనుషులు, పెద్ద డబ్బున్నవాళ్లేం కాదు, అయినా వాయిదాలు కట్టారు. ఏటా అక్టోబరులో రాక్టోబర్‌ఫెస్ట్ అని జాతర లాంటిది పెట్టి, టీషర్టులు అమ్మి, పోటీలు పెట్టి డబ్బు పోగేశారు. తర్వాత 2013లో మిల్లర్ ఫోర్క్‌లో 309 ఎకరాలు, 2017లో బాల్డ్ రాక్‌లో 102 ఎకరాలు.

ఇలాంటి కొనుగోళ్లకు వెనక నిలబడేది యాక్సెస్ ఫండ్ అనే జాతీయ సంస్థ, 1991 నుంచి ఉంది. 2009లో వాళ్లు భూమి కొనడానికి అప్పిచ్చే పద్ధతి మొదలుపెట్టారు. ఊళ్లో చీటీలు కట్టినవాళ్లకు దీని గుణం వెంటనే తెలుస్తుంది. ఒకే మూట డబ్బు, ఒక సంఘం వాడుకుని తిరిగి కడితే ఇంకో సంఘానికి వెళ్తుంది. గోడ అమ్మకానికి వచ్చినప్పుడు రియల్ ఎస్టేట్‌వాడు ఆగడు కదా, చందాలు పోగయ్యేదాకా భూమి ఉండదు. ముందు కొని తర్వాత పోగేయాలి.

అయితే కొంటే కథ సుఖాంతం అనుకోవద్దు. ఆ 750 ఎకరాల పైనేల సంఘానిది, నేల కింద చమురు హక్కులు వేరేవాళ్లవి. కెంటకీలో పైహక్కు, అడుగు హక్కు విడివిడిగా అమ్ముకోవచ్చు. కాబట్టి క్లైంబర్లు సొంతంగా కొన్న భూమిలో చమురు పంపులు తల ఊపుతూనే ఉంటాయి, వాటికి లారీలు తిరుగుతాయి, ఆ బురద రోడ్డును బాగుచేసుకోవడం మళ్లీ ఒక తలనొప్పి. పైగా ఇప్పుడు యజమాని వీళ్లే. గతంలో "ఆయన గేటు మూసేశాడు" అని తిట్టుకున్నవాళ్లు ఇప్పుడు తామే బోర్డు పెట్టి, ఇక్కడ మంట పెట్టొద్దు, కుక్కను వదలొద్దు అని చెప్పాల్సి వస్తుంది. ఆ పక్కనే ఉన్న మ్యూర్ వ్యాలీది ఇంకో తీరు. రిక్, లిజ్ వెబర్ అనే దంపతులు దాదాపు 400 ఎకరాల లోయను కొని, బాటలు వేయించి, అందరికీ తెరిచి, 2015లో ఒక స్వచ్ఛంద సంఘానికి ఇచ్చేశారు. ఇలాంటివాళ్లు ఊరికొకరు దొరకరు, కాబట్టి దీన్ని పద్ధతి అనలేం, అదృష్టం అనాలి.

ఇక కేసుల భయం. నా పొలంలో ఎవడో పడి కాలు విరగ్గొట్టుకుంటే నా మీద దావా వేస్తాడేమో అని ఏ యజమానికైనా టెన్షన్ ఉంటుంది. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ దీనికి ఒక చట్టం ఉంది, వివరాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. సారం ఏమిటంటే, డబ్బు తీసుకోకుండా జనాన్ని సరదా కోసం నీ నేల మీద తిరగనిస్తే, మామూలు ప్రమాదాలకు నిన్ను బాధ్యుణ్ణి చేయరు. ఇక్కడే ఒక మెలిక. టికెట్ పెట్టావా, చాలాచోట్ల ఆ రక్షణ సడలిపోతుంది. అందుకే నిర్వహణకు డబ్బు కావాల్సి ఉన్నా గేటు దగ్గర రుసుము పెట్టడానికి జంకుతారు, చందాల మీదా శ్రమదానం మీదా నడుపుతారు. "పది డాలర్లు టికెట్ పెట్టి మనుషుల్ని పెట్టుకోవచ్చు కదా" అనేవాళ్లకు ఇదీ జవాబు. జీతం లేని పని అక్కడ మంచితనం వల్ల మాత్రమే నడవడం లేదు, చట్టం కూడా అటే తోస్తోంది.

నిజానికి గోడలు మూతపడే కారణాల్లో నాటకీయమైనవి తక్కువ. కార్లు. ఇరుకు రోడ్డు పక్కన ఇరవై కార్లు ఆపితే ట్రాక్టరు వెళ్లదు, రైతు ఒకటి రెండుసార్లు చెబుతాడు, మూడోసారి అసలు రావద్దంటాడు. రెండోది చెప్పుకోడానికి సిగ్గుగా ఉండేది, బహిర్భూమి. రోజుకు వంద మంది వచ్చే చోట ఆ గోడ వెనక పరిస్థితి ఊహించుకోండి. అమెరికా ఎడారి ప్రాంతాల్లోనైతే సంచీలో కట్టుకుని వెనక్కి మోసుకుపోవాలి, అక్కడ మట్టిలో అది కుళ్లదు. పార్కింగ్ చదును చేయడం, మరుగుదొడ్డి కట్టించడం, వాన నీరు కోసేయకుండా బాటకు రాతి మెట్లు పేర్చడం. కొత్త దారి ఎక్కి పేరు పెట్టినవాడి ఫొటో అందరూ చూస్తారు. మరుగుదొడ్డి గుంట తవ్వినవాడి ఫొటో నేనింతవరకూ ఎక్కడా చూడలేదు.

ఎక్కొద్దని చెప్పడం

ఈ పనిలో నాకు ఎక్కువ నచ్చే భాగం, బయటివాళ్లకు అసలు కనిపించని భాగం ఇది. క్లైంబర్లే క్లైంబర్లను ఆపడం.

పెరెగ్రిన్ అనే డేగ నిట్టనిలువు గోడల అంచుల్లో గుడ్లు పెడుతుంది. డీడీటీ దెబ్బకు అమెరికాలో దాదాపు తుడిచిపెట్టుకుపోయి, 1999లో అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితా నుంచి బయటపడింది. గూడు దగ్గరికి మనిషి వస్తే తల్లి లేచిపోతుంది, గుడ్లు చల్లబడతాయి. కాబట్టి ఆ కాలంలో ఆ గోడలు మూసేస్తారు. ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లోనూ అంతే, బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ వాలంటీర్లు ఏటా వసంతంలో పక్షుల వాళ్లతో కూర్చుని ఏ గోడలో ఏ ముక్క ఎప్పటిదాకా మూయాలో తేల్చి బోర్డులు పెడతారు. మొత్తం గోడకు తాళం వేయడం సులువు. గూడు ఎక్కడుందో చూసి, అటూ ఇటూ కొంత మేర మాత్రమే ఆపి, పిల్లలు ఎగిరిపోగానే బోర్డు తీసేయడానికి వారం వారం ఎవరో ఒకరు దుర్భిణి పెట్టుకుని చూడాలి. ఆ చూసేవాళ్లు లేకపోతే అధికారి చేసేది ఒకటే, నాలుగు నెలలు అంతా బంద్.

మనకు దగ్గర్లో రామనగర ఉంది, బెంగళూరు పక్కన. అక్కడి రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 346 హెక్టార్లు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వల్ల దేశంలో రాబందులు కుప్పకూలిపోయాక మిగిలిన కొద్ది జంటల కోసం అది. ఆ రాళ్లు ఎక్కడానికి ఎంత బాగుంటాయో నాకు తెలుసు, అయినా ఇందులో నేను రాబందు పక్షమే.

దేవుడి విషయం ఇంకా సున్నితం. అమెరికాలోని వయోమింగ్‌లో డెవిల్స్ టవర్ అని ఒంటరి రాతి స్తంభం ఉంది. లకోటా మొదలైన తెగలకు అది పవిత్ర స్థలం, జూన్‌లో వాళ్ల పూజలుంటాయి. 1995 నుంచి జూన్ నెలలో ఎక్కొద్దని పార్కు వాళ్లు కోరుతున్నారు. కోరుతున్నారు అంతే, నిషేధం కాదు. డబ్బు తీసుకుని ఎక్కించే గైడ్లకు జూన్‌లో అనుమతి ఆపితే కోర్టు ఒప్పుకోలేదు. మామూలు క్లైంబర్లు తమంతట తాము ఆగడం మాత్రం చెల్లుతుందంది. మొదటి ఏళ్లలో జూన్‌లో ఎక్కేవాళ్లు బాగా తగ్గారు, తర్వాత మళ్లీ పెరుగుతూ వచ్చారు. ఒక తరం ఎందుకు ఆగిందో తర్వాతి తరానికి ఎవరో ఒకరు చెప్పాలి, జిమ్‌లో నేర్చుకుని నేరుగా వచ్చినవాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

పట్టు మరీ బిగిసినచోట ఎలా ఉంటుందో చూడాలంటే టెక్సస్‌లో ఎల్‌పాసో దగ్గరి హ్యూకో ట్యాంక్స్. 860 ఎకరాల చిన్న పార్కు, తాడు లేకుండా పొట్టి బండలెక్కే బౌల్డరింగ్‌కు ప్రపంచంలో పెద్ద పేరున్న చోటు, అవే బండల మీద వందల ఏళ్ల కిందటి రంగు బొమ్మలు, ముసుగుల ఆకారాలు. 1998లో కొత్త నియమాలొచ్చాయి. గైడు లేకుండా తిరగగలిగే ఒక్క కొండ మీదకు ఒకసారికి 70 మంది, మిగతా మూడు వైపులకు గైడుతో వెళ్లేవాళ్లు రోజుకు 160. ఆ గైడుల్లో చాలామంది పార్కు దగ్గర శిక్షణ తీసుకున్న వాలంటీర్లు, అందులోనూ క్లైంబర్లు. వాళ్లే లేకపోతే 1998 నుంచి ఆ మూడు వైపులా దాదాపు మూతపడినట్టే. అప్పట్లో క్లైంబర్లు ఈ నియమాలను బాగా తిట్టుకున్నారు, ఇప్పటికీ కొందరు తిట్టుకుంటారు. నాకైతే బొమ్మలూ మిగిలాయి, ఎక్కడమూ మిగిలింది అనిపిస్తుంది.

మన రాళ్ల సంగతి

హైదరాబాద్‌కు వస్తే లెక్క తిరగబడుతుంది. అమెరికా వాలంటీరు అడిగే ప్రశ్న "ఈ రాయి ఎక్కనిస్తారా" అని. ఇక్కడి ప్రశ్న "వచ్చే ఆదివారానికి ఈ రాయి ఉంటుందా" అని.

దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ ఇది. ఉల్లిపాయ పొరలు ఊడినట్టు ఊడుతూ, గుండ్లు గుండ్లుగా ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడింది. 1996లో ఇక్కడ సొసైటీ టు సేవ్ రాక్స్ మొదలైంది. జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఫ్రౌకే క్వాదర్, మాజీ ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్ లాంటివాళ్లు దాన్ని ఏళ్లతరబడి నడిపించారు. వాళ్లు క్లైంబర్లు కాదు, రాళ్లను ప్రేమించినవాళ్లు. నెలనెలా రాళ్ల మధ్య నడకలు పెట్టారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఫలితంగా 1990ల చివర్లో తొమ్మిది రాతి ఆకారాలు పట్టణాభివృద్ధి నిబంధనల్లో వారసత్వ జాబితాకు ఎక్కాయి. శిల్పారామంలోని బేర్స్ నోజ్, సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్, మౌలాలి దగ్గర సెంటినల్ రాక్, దుర్గం చెరువు చుట్టూ గుట్టలు, ఇలా. కట్టడాల జాబితాలోకి దేవుడు పేర్చిన రాయిని ఎక్కించడం అప్పట్లో కొత్త. తర్వాత మరికొన్ని కలిశాయి.

2015లో ఆ నిబంధననే ఎత్తేశారు. 13వ నంబరు రెగ్యులేషన్ పోయింది, దాంతోపాటు ఆ జాబితాకున్న బలమూ పోయింది. రెండేళ్లకు తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. కానీ ఇరవై ఏళ్లు తిరిగి సంపాదించింది ఒక్క జీవోతో పోతుందని తెలిశాక ఆ తిరిగినవాళ్ల మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. చెట్లు, జింకలు, నెమళ్ల గురించి దేశమంతా మాట్లాడింది, బండల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. చెట్టు నరికితే మళ్లీ నాటుతామని అబద్ధమైనా చెప్పొచ్చు. రాయి పేలిస్తే ఆ అబద్ధం కూడా చెప్పలేం.

మనకు ఎందుకింత కష్టం? ఒకటి, మన గుట్టల్లో చాలా వరకు రికార్డుల్లో పోరంబోకు, ప్రభుత్వ భూమి. అంటే అందరిదీ, అంటే కొనడానికి ఎవరిదీ కాదు. కెంటకీలోలాగా యజమానితో కూర్చుని టీ తాగి ఒప్పించడానికి యజమాని లేడు. రెండు, గ్రానైట్ చట్టం దృష్టిలో చిన్నతరహా ఖనిజం. దాన్ని తవ్వుకోవడానికి లీజు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే. కాబట్టి ఆ గుట్ట ఒక ఆఫీసులో భూమి, ఇంకో ఆఫీసులో కంకర. మూడో సంగతి చెప్పకపోతే అన్యాయం. రాయి కొట్టి బతికే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, వడ్డెరవాళ్లకు గుట్ట అంటే వారాంతపు సరదా కాదు, ఆ రోజు కూలి. రాళ్లను కాపాడాలని రాసే నాలాంటివాడి ఫ్లాటు గోడల్లో, మెట్ల మీద ఉన్నది ఏ గుట్టో కూడా అడగాలి.

నాలుగోది క్లైంబర్ల వైపు నుంచి. హైదరాబాద్‌లో ఎక్కువగా జరిగేది బౌల్డరింగ్, బండ కింద మందపాటి పరుపు వేసుకుని తాడు లేకుండా ఎక్కడం. బోల్టు అక్కర్లేదు, ఖర్చు తక్కువ, రాతికి కన్నం పడదు, అంతా మంచిదే. కానీ ఇందులో ఒక నష్టం ఉందని నాకు ఈమధ్యే తోచింది. బోల్టు వేసినచోట ఎవరో ఒకరు బాధ్యత పడతారు, దానికి సంఘం, జాబితా, చందా అన్నీ పుడతాయి. బౌల్డరింగ్‌లో పరుపు మడిచి బైకు వెనక కట్టుకుని వెళ్లిపోతే అక్కడికి వచ్చినట్టు ఆనవాలే ఉండదు. పోయేటప్పుడు ఆనవాలు లేకపోవడం మర్యాదే, కానీ రాయి పోయేటప్పుడు "ఇది మా చోటు" అని చెప్పడానికి చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

దీనికి వేరుగా ఉండే ఒక చోటు భువనగిరి. ఆ ఏకశిల మీద చాళుక్యుల నాటి కోట ఉంది, కింద రాక్ క్లైంబింగ్ స్కూలు నడిచింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట రాయి పట్టుకున్నది అక్కడే, శేఖర్ బాబు బచినేపల్లి శిక్షణలో. ఒక కోట, ఒక స్కూలు, రెండు పేర్లు ఉండేసరికి ఆ బండను ముట్టుకోవాలంటే ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు.

రోజువారీ మర్యాదలు మనకూ వేరేగా ఉంటాయి. ఖాజాగూడ గుట్టల మీద దర్గా ఉంది, గుడీ ఉంది. ఊరవతల ఏ బండ దగ్గరికెళ్లినా పసుపు కుంకుమ బొట్టో, ఒక మైసమ్మో కనిపిస్తుంది. అలాంటి రాయి మీద, పట్టు జారకుండా రాసుకునే తెల్లటి చాక్ పొడి చేతులు వేయకూడదని ఏ గైడు పుస్తకంలోనూ ఉండదు, ఇంగితం ఉంటే చాలు. చాక్ మరకలు దిగేటప్పుడు మెత్తటి బ్రష్‌తో దులిపేయాలి, ఇనుప తీగ బ్రష్‌తో గీకితే గ్రానైట్ పైపొర లేచిపోతుంది. జర్మనీలో సాక్సన్ స్విట్జర్లాండ్ అనేచోట మెత్తటి ఇసుకరాయి మీద చాక్‌నే నిషేధించారు, వాన పడ్డాక రాయి ఆరేదాకా ఎక్కనివ్వరు, ఇనుప సామాను ఇరికించడానికీ వీల్లేదు, గుడ్డ పట్టీలకు ముళ్లు వేసి దూర్చుకోవాలి. బాదామి ఇసుకరాయికి వెళ్లే మనవాళ్లు కనీసం వాన సంగతి పట్టించుకుంటే బాగుంటుంది, తడిసిన ఇసుకరాయికి బలం తగ్గుతుంది, పట్టుకున్న అంచు చేతిలోకి వస్తుంది. ఇక ఖాళీ బీరు సీసాలు. అవి తాగి పగలగొట్టేది క్లైంబర్లు కాకపోవచ్చు, ఏరేది మాత్రం వాళ్లే, ఎందుకంటే పడేది ఆ గాజు మీదే.

నాకు తోచే ఒక పని చిన్నదే. బౌల్డరింగ్ చోట్ల గురించి రాసుకునే జాబితాల్లో బండ పేరు, ఎంత కష్టమో చెప్పే గ్రేడు, గూగుల్ లొకేషన్ ఉంటాయి. ఆ పక్కన సర్వే నంబరు ఉండదు. తెలంగాణలో భూభారతి, ఆంధ్రలో మీభూమి, రెండింటిలోనూ గ్రామం, మండలం పెట్టి వెతకొచ్చు, నంబరు తెలియకపోతే గుట్ట కింద మేకలు కాసుకునే పెద్దాయన్ని అడిగితే ఎవరి పట్టా ఎక్కడ ఆగుతుందో, క్వారీ రాళ్లు ఎక్కడిదాకా పాతారో వేలు పెట్టి చూపిస్తాడు. ఆయనకు రాయి ఎక్కడం అర్థం కాకపోవచ్చు, కానీ "ఎందుకు బాబూ అడుగుతున్నావ్, కొంటున్నావా?" అంటాడు. మా జాబితాలో ప్రస్తుతం పద్నాలుగు చోట్లున్నాయి, నంబరు దొరికింది ఐదింటికి. ఆ ఐదింటిలో రెండు ఇప్పటికే లీజులో ఉన్నాయి.